ఛాయిస్‌లో వదిలేసిన చాప్టర్

ప్రశాంతి బీఎస్సీ చదివింది. తెనాలిలో వాళ్ళింట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఫ్రిజ్ వెనకాల ఇంకో ప్లగ్గు ఉందని తెలిసినట్టు తెలుసు. అవసరం పడ్డప్పుడే గుర్తొస్తుంది. గ్యాసు కంపెనీ మెసేజి ఇంగ్లీషులో వచ్చినప్పుడు, ఏసీ రిమోటు మీద మంచు బొమ్మ మాయమైనప్పుడు, "నువ్వు చదువుకున్నావుగా, చూడు" అంటారు. ఆమె బ్యాటరీ తీసి మళ్ళీ పెడుతుంది. బొమ్మ వస్తుంది. లెక్కలు, ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు మూడేళ్ళపాటు చదివినందుకు అదీ ఫలితం.

ఆమె మాత్రం చదువును వృథా పోనివ్వలేదు. ఎవరికీ చెప్పకుండా వాడుకుంటూనే ఉంది. అత్తగారు గంటకి ముప్పైసార్లు "ప్రశాంతీ" అని పిలుస్తారు. గంటకి మూడువేల ఆరువందల సెకన్లు గనక, అత్తగారి ఫ్రీక్వెన్సీ సుమారు పాయింట్ సున్నా సున్నా ఎనిమిది హెర్ట్జులు. భర్త పూర్ణచంద్రరావు ఎరువుల కొట్టు నుంచి వచ్చి "కూరేంటి?" అనడం రోజుకొక్కసారి. దాన్ని హెర్ట్జుల్లో రాస్తే పాయింటు తర్వాత నాలుగు సున్నాలు దాటాకగానీ అంకె కనపడదు. ఆ కూర బాగుందనడం ఎన్ని హెర్ట్జులో చెప్పాలంటే, ముందు అది ఒకసారి జరగాలి.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆమె చదువును చదువుగా అడిగి వాడుకున్న మనిషి ఒక్కతే. చెల్లెలు ఉషశ్రీ.

ఉషశ్రీ పదేళ్ళు ఎవరెవరి హేచరీల్లోనో పనిచేసింది. తెల్ల గిన్నెలో నీళ్ళు తీసుకుని కనురెప్ప వెంట్రుకంత రొయ్యపిల్లల్ని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. పోయిన ఏడాది బాపట్లలో, సూర్యలంక వెళ్ళే దారిలో, ఆరు ట్యాంకుల చిన్న హేచరీని తనే లీజుకి తీసుకుంది. ఆడమనిషి, ఒంటరిది, నీకెందుకే అని అమ్మ అంది. అందరూ అదే అన్నారు. "చెయ్యవే, ఏమవుతుంది?" అన్నది ప్రశాంతి ఒక్కతే.

ఆరు ట్యాంకులకీ ప్రాణం ఒకటే. బ్లోయర్ అని, గాలి ఊదే యంత్రం. ఆ గాలి పైపుల్లోంచి పోయి, ట్యాంకుల అడుగున ఉన్న చిల్లుల రాళ్ళలోంచి బుడగలుగా పైకి రావాలి. రాత్రింబవళ్ళు రావాలి. గంటసేపు ఆగితే రొయ్యపిల్ల బతకదు. బ్లోయర్‌ని తిప్పే మోటారు ఎంత వేగంతో తిరగాలో చెప్పడానికి గోడకి ఒక డబ్బా ఉంటుంది. దాని మీద అంకెలు హెర్ట్జుల్లో కనపడతాయి. మోటారు ప్లేటు మీద మాత్రం నిమిషానికి ఎన్ని చుట్లు అని రాస్తారు.

మూడు నెలల కిందట ఒక పిడుగుకి ఆ డబ్బాలో అంకెలన్నీ చెరిగిపోయాయి. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ప్లేటు మీద 2880 ఒక్కటే మిగిలింది. ఉషశ్రీ అక్కకి ఫోన్ చేసింది. ప్రశాంతి పప్పు ఎనుపుతూనే చెప్పింది: నిమిషానికి 2880 చుట్లు, అరవైతో భాగిస్తే సెకనుకి నలభై ఎనిమిది. నలభై ఎనిమిది హెర్ట్జులు పెట్టు. పెట్టారు. బ్లోయర్ హాయిగా తిరిగింది. ట్యాంకుల్లో బుడగలు మసిలే అన్నంలా పొంగాయి. ఫ్యామిలీ గ్రూపులో ఉషశ్రీ "మా అక్క సైంటిస్టు" అని పెడితే పదకొండుమంది బొటనవేళ్ళు చూపించారు. వాటిలో ఒకటి పూర్ణచంద్రరావుది. ప్రశాంతి ఆ రోజు పప్పు మాడ్చింది. అయినా ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పాత బ్లోయర్ బేరింగులు అరిగి మొన్న మూలపడింది. చీరాల నుంచి, కాస్త పెద్దది, సెకండ్ హ్యాండుది తెచ్చారు.

రేపల్లెలో పూర్ణచంద్రరావు పెదనాన్న కొడుకు గృహప్రవేశం. ఆయన కొట్టు తీసి, కుర్రాళ్ళకి అప్పజెప్పి, బండి మీద వస్తానన్నాడు. ప్రశాంతి, అత్తగారు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కారు. బండి తెనాలి ప్లాట్‌ఫారం వదులుతుండగా ఫోన్ మోగింది.

"అక్కా, బండెక్కావా?"

"ఎక్కాను. అత్తయ్యగారికి కిటికీ దొరికింది. నాకు ఆవిడ సంచి దొరికింది."

"కొత్తది బిగించేశాం. ఫరూక్ వైర్లు కలిపి కర్లపాలెం పోయాడు, అక్కడెవరి పొలంలోనో మోటారు ఆగిపోయిందట. వాళ్ళ నాన్న ఉన్నాడులే, బుడే సాహెబ్ బాబాయి. పైపులు కలిపింది ఆయనే. అక్కా, ప్లేటు మీద రంగేసి చచ్చారు. గీకితే పధ్నాలుగు వందల నలభై అని ఒక్కటే కనపడింది. డబ్బాలో ఫరూక్ యాభై పెట్టి పోయాడు. ఎంతుండాలంటావు?"

ప్రశాంతికి కాగితం అవసరం లేకపోయింది. 1440ని అరవైతో భాగించడం చినరావూరు స్టేషను రాకముందే అయిపోయింది.

"ఇరవై నాలుగు."

"యాభైలో బానే తిరుగుతోందే?"

"తిరగదా మరి? రెండింతలు వేగంతో తిరుగుతుంది. సాయంత్రానికి కాలి కూర్చుంటుంది. అందరిళ్ళకీ వచ్చే కరెంటు యాభై. దాన్ని నీ మోటారుకి తగినట్టు తగ్గించడానికేగా ఆ డబ్బా! తర్వాత నీ ఇష్టం."

"అమ్మో, నా ఇష్టమేంటి, తగ్గిస్తున్నా ఉండు." ఫోన్లో వెనకాల మోత తగ్గుతూ వచ్చింది. దూరం నుంచి ఒక ముసలి గొంతు ఏదో అంది. ఉషశ్రీ నవ్వింది. "బాబాయి అంటున్నాడు, బ్లోయర్ గొంతు పడిపోయిందమ్మాయ్ అని."

"జలుబు చేస్తే నాక్కూడా పడిపోతుందని చెప్పు," అంది ప్రశాంతి.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆ నవ్వు ప్రశాంతికి చాలాసార్లు గుర్తొచ్చింది.

అత్తగారు అంతా విన్నారు. ఎదుటి సీట్లో కూర్చున్న జంపని వాళ్ళావిడతో, "మా కోడలు బీఎస్సీ అండి. బాపట్లలో హేచరీ వాళ్ళకి ఫోన్లోనే చెప్పేస్తుంది," అన్నారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. ప్రశాంతి కిటికీలోంచి మినపచేలు చూస్తూ, ఆ మాట వినపడనట్టు, మళ్ళీ ఇంకోసారి అంటే బాగుండునన్నట్టు కూర్చుంది.

వేమూరు దాటాక ఉషశ్రీ మళ్ళీ చేసింది. ఈసారి పలకరింపు లేదు.

"అక్కా, చివరి రెండు ట్యాంకుల్లో బుడగల్లేవు."

"అసలు లేవా?"

"అసలు లేవు. మొదటి మూడిట్లో వస్తున్నాయి. నాలుగో దాంట్లో ఏదో, ఉన్నాయంటే ఉన్నాయి. మేత కలుపుతూ చూసుకోలేదు. లాజరు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు."

లాజరు హేచరీలో పనివాడు. వాడు కంగారుపడి చెప్పాడంటే సంగతి పెద్దదే. నీళ్ళ ట్యాంకులో పాము ఉందని కూడా వాడు నింపాదిగా చెబుతాడు.

"పైపెక్కడో లీకయి ఉంటుంది. చివరిదాకా గాలి చేరట్లేదు. జాయింట్లు చూడండి," అంది ప్రశాంతి.

"అదే చూస్తున్నాం." ఫోన్ పెట్టేసింది.

రెండు నిమిషాలకి ఒక వీడియో వచ్చింది. సిగ్నలు వస్తూ పోతూ ఉంటే అది పెనుమర్రు దాకా తిరిగి తిరిగి తెరుచుకుంది. ఆరో ట్యాంకు. నీళ్ళు కదలడం లేదు. రేకుల కప్పు అందులో అద్దంలో కనపడ్డట్టు కనపడుతోంది. అంచుల వెంబడి సన్నటి బూడిదరంగు గీత. ఆ గీత కదులుతోంది. పిల్లంతా గాలి కోసం పైకొచ్చి అంచుల్ని పట్టుకుంది. వీడియో చివర లాజరు చేయి బకెట్టుతో నీళ్ళు ఎత్తి మళ్ళీ అందులోనే గుమ్మరిస్తోంది. నీళ్ళలోకి గాలి పోనివ్వడానికి మనిషి చేయగలిగింది అంతే. ఆరు టన్నుల నీళ్ళు, ఒక బకెట్టు.

ప్రశాంతి వీడియో రెండోసారి చూసింది. రెండోసారి చూస్తున్నప్పుడు ఆమె నీళ్ళను చూడలేదు, శబ్దాన్ని విన్నది. బకెట్టు మోత వెనకాల బ్లోయర్ మూలుగుతోంది. ఎవరో దాని నోరు మూసినట్టు.

పైపు లీకైతే గాలి తప్పించుకుంటుంది. యంత్రం మూలగదు.

అప్పుడు ఆమెకి ఫైనలియర్ ఎలక్ట్రానిక్స్ పుస్తకం గుర్తొచ్చింది. పుస్తకం కాదు, అందులో ఒక పేజీ అంచు. మోటార్ల చాప్టరు. పరీక్షలో దాన్నుంచి ఒకే ఒక్క ప్రశ్న వస్తుంది, ఆరింటిలో నాలుగు రాస్తే చాలు, కాబట్టి అది ఛాయిస్‌లో పోతుందని సీనియర్లు చెప్పారు. ఆంధ్రదేశంలో డిగ్రీ చదివిన ప్రతివాళ్ళకీ ఇలా ఛాయిస్‌లో పోయిన చాప్టర్లు రెండుమూడు ఉంటాయి. వాటివల్ల ఎవరికీ ఎప్పుడూ ఏమీ కాలేదు. ప్రశాంతి ఆ చాప్టర్లో మొదటి పేజీ చదివి, మిగతావాటికి పిన్నీసు పెట్టేసింది. ఆ మొదటి పేజీ అడుగున ఒక బొమ్మ. మోటారు లోపల ధ్రువాలు. రెండు ధ్రువాలుంటే కరెంటు ఒక్కసారి ఊగితే మోటారు ఒక చుట్టు తిరుగుతుంది. నాలుగుంటే ఒక్క చుట్టుకి కరెంటు రెండుసార్లు ఊగాలి.

పాత మోటారుకి రెండు ధ్రువాలు. అందుకే దాని చుట్లూ కరెంటు హెర్ట్జులూ ఒకటయ్యాయి. తన లెక్క గొప్పతనం ఏమీ లేదు. కొత్తదానికి నాలుగు. సెకనుకి ఇరవై నాలుగు చుట్లు తిరగాలంటే నలభై ఎనిమిది ఊపులు కావాలి. మోటారు కరెంటు కన్నా కాస్త వెనకబడే తిరుగుతుంది గనక, సరిగ్గా యాభై. ఫరూక్ పెట్టి పోయిన యాభై. ఇరవై నాలుగు పెట్టేసరికి అది సగం వేగంతోనే తిరుగుతోంది, చివరి ట్యాంకులదాకా గాలిని తోసే బలం లేదు.

భాగహారం తప్పు కాలేదు. 1440ని అరవైతో భాగిస్తే ఎవరికైనా ఇరవై నాలుగే వస్తుంది. అదే ఆమెని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. "యాభై పెట్టు. కాలదు. వెంటనే" అని మెసేజి పెట్టింది. ఒక్క టిక్కే పడింది. మళ్ళీ చేసింది. భట్టిప్రోలు వచ్చేలోగా, ఎనిమిది నిమిషాల్లో, ఇరవై నాలుగుసార్లు చేసింది. నిమిషానికి మూడు. సెకనుకి ఎంతో కూడా ఆ బుర్ర తనంతట తనే లెక్కవేసింది. ప్రశాంతి ఆ బుర్రని తిట్టుకుంది.

"ఎవరికమ్మా అన్నిసార్లు? ఎత్తకపోతే పనిలో ఉన్నట్టేగా!" అన్నారు అత్తగారు. "కాస్త పులిహోర తిను."

పనిలోనే ఉంది. ఆ పనేమిటో ప్రశాంతికి కనపడుతోంది. ఉషశ్రీ, లాజరు నడుం దాకా నీళ్ళలో దిగి బకెట్లతో గుమ్మరిస్తున్నారు. ఫోన్ గట్టు మీదెక్కడో మోగుతోంది. ఆ డబ్బా దగ్గరికి వెళ్ళి పైకి చూపించే బాణం గుర్తు నొక్కితే చాలు. పదడుగుల దూరం. కానీ ఉషశ్రీ నొక్కదు. కాలిపోతుందని అక్క చెప్పింది.

భర్తకి చేసింది.

"మీ దగ్గర ఫరూక్ నంబరుందా?"

"ఏ ఫరూక్? మన దగ్గర డీఏపీ తీసుకెళ్ళే ఫరూకా?"

"కాదండీ. బాపట్ల ఎలక్ట్రీషియన్."

"బాపట్ల ఎలక్ట్రీషియన్ నంబరు తెనాలిలో నా దగ్గరెందుకుంటుంది? ఏంటి, ఏమైంది? మీ చెల్లెలేనా? వాళ్ళు చూసుకుంటార్లే. నువ్వు బండి దిగి ఆటో ఎక్కు, యాభై కన్నా ఎక్కువివ్వకు."

యాభై అనే మాట ఆయన నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

పల్లికోన బయట బండి ఆగింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. రేపల్లె లైనులో బండ్లు అలా అప్పుడప్పుడు ఆగి ఆలోచించుకుంటాయి. ప్రశాంతి తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది. దిగి పరుగెత్తుదామంటే ఎటు? బాపట్లకి ఇక్కణ్ణుంచి రెండు బస్సులు మారాలి. అత్తగారు వెనకనుంచి, "తలుపు దగ్గర నిలబడకు, ప్రశాంతీ," అన్నారు. ఆగిన బండిలో.

గృహప్రవేశంలో పాలు అప్పటికే పొంగాయి. గుమ్మంలో పన్నీరు చల్లారు. బొట్టు పెట్టారు. కొత్త ఇంటావిడ చెయ్యి పట్టుకుని గదులన్నీ చూపించింది. బాత్‌రూములు కూడా చూపించింది. ప్రతి గదిలోనూ ప్రశాంతి "చాలా బాగుందండీ" అంటూ, చీర కుచ్చిళ్ళ పక్కన ఫోన్ పట్టుకుని నంబరు నొక్కుతూనే ఉంది. పూజగదిలో ఉండగా ఎత్తారు.

"అక్కా." గొంతు బొంగురుపోయింది. "ఐదు పోయింది. ఆరు పోయింది. నాలుగోది కూడా అంచులకొచ్చేసింది."

"డబ్బాలో యాభై పెట్టు."

"ఏంటి?"

"యాభై! ఇప్పుడే!"

"కాలిపోతుందన్నావుగా?"

"కాలదు. నన్నడక్కు, పెట్టు!"

తడికాళ్ళతో పరుగెత్తిన చప్పుడు. తర్వాత ఫోన్లో ఆ మూలుగు కొంచెం కొంచెంగా లేచింది. నోరు మూసిన చెయ్యి తీసినట్టు, గొంతు పెగిలి, పైకి, ఇంకా పైకి వచ్చి, ఒకచోట నిలబడింది. ప్రశాంతి జీవితంలో మొదటిసారి ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటో చెవితో విన్నది. పొద్దున ఆ ముసలాయన చెప్పింది ఇదే.

"వస్తున్నాయక్కా!" ఉషశ్రీ అరిచింది. "నాలుగో దాంట్లో వస్తున్నాయి. అక్కా, నువ్వు చెప్పకపోతే ఇవి కూడా పోయేవి." తర్వాత గొంతు మారింది. "అంతా ఈ బాబాయి చేసింది. పైపులు కలపడం రానప్పుడు చేతులు పెట్టకూడదు. ఫరూక్‌ని రానీ, ఇద్దరికీ చెప్తాను. మళ్ళీ ఈ గేటు తొక్కారంటే..."

"ఉషా."

"ఎల్లుండి నిజాంపట్నం నుంచి రైతు పిల్ల పట్టుకెళ్ళడానికి వస్తున్నాడు. నా మొదటి పెద్ద బ్యాచ్ అక్కా..."

"ఉషా, తప్పు నాదే."

"నీదేంటి, నువ్వేగా సరిచేసింది?"

ప్రశాంతి దేవుడి పటాల ముందు నిలబడి ధ్రువాల గురించి చెప్పింది. రెండు ధ్రువాలు, నాలుగు ధ్రువాలు. చాప్టరు చదవలేదని కూడా చెప్పింది. చెల్లెలికి ఎంత అర్థమైందో తెలియదు. చివరికి ఒక్కటే అడిగింది.

"మరి మొన్న నలభై ఎనిమిది ఎలా కుదిరింది?"

"కుదిరింది. అంతే."



"నువ్వు చెప్పావని నేనింకెవర్నీ అడగలేదక్కా," అంది ఉషశ్రీ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"బాబాయికి ఫోనివ్వు."

బుడే సాహెబ్ తీసుకున్నాడు. "చెప్పమ్మా."

"బాబాయ్, పొద్దున మీరన్నది నిజం. గొంతు పడిపోయింది. నేను నవ్వాను."

"అయ్యో, దానికేముందమ్మా! నా చెవికి అలా అనిపించింది, అన్నాను. అంకెలు నాకు తెలియవు. చదువుకున్న బిడ్డ చెప్పిందన్నారు, నాకన్నా నీకే తెలుసులే అని ఊరుకున్నాను." అన్నాడు బుడే సాహెబ్. "ఇంకోసారి అంటే బాగుండేదేమో."

ప్రశాంతి ఫోన్ పెట్టేసింది.

భోజనాల దగ్గర పూర్ణచంద్రరావు అందరికీ వినపడేలా, "మా ఆవిడ పొద్దున్నుంచి ఫోన్లోనే బాపట్ల హేచరీ నడిపేస్తోందండీ!" అన్నాడు. అత్తగారు తలాడించారు. కొత్త ఇంటాయన విస్తరి వదిలేసి లేచివచ్చాడు. "అమ్మాయ్, మన బోరు మోటారు ప్లేటు మీద ఏదో రాసుంది, వచ్చి ఒక్కసారి చూసి పెడతావా?"

"ఎలక్ట్రీషియన్ని పిలవండి, బావగారూ."

"నువ్వు చదువుకున్నదానివి కదా?"

"అందుకే చెప్తున్నానండీ."

అందరూ నవ్వారు. ఆమె వినయం వాళ్ళకి నచ్చింది.

పెరుగన్నం కలుపుతుండగా ఉషశ్రీ మెసేజి వచ్చింది. నాలుగో ట్యాంకు ఫోటో. బుడగలున్నాయి. బూడిదరంగు గీత ఇంకా అంచునే ఉంది. కింద ఇలా రాసింది: "దీని సంగతి సాయంత్రానికిగాని తెలీదు. డబ్బాలో యాభై రెండు దాకా పోతుంది. పెంచనా, వద్దా?"

ప్రశాంతికి తెలియదు. ఆ చాప్టర్లో రెండో పేజీలో ఉండే ఉంటుంది. ఎడమచేతి బొటనవేలితో, "బాబాయి ఏమంటున్నాడు?" అని కొట్టింది. ఒక్క టిక్కు పడింది. రెండోదాని కోసం చూస్తూ కూర్చుంది.

పక్క వరసలోంచి అత్తగారు "ప్రశాంతీ" అన్నారు. కాసేపటికి మళ్ళీ అన్నారు. ఎన్నిసార్లన్నారో ఆమె లెక్కపెట్టలేదు.